తరగతి గదిలో వయొలిన్, గోడ మీద డిజిటల్ బోర్డు: దేనిని ఎంతవరకు వాడాలి?

గురుకుల స్వరం
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఒక బాలికల గురుకులంలో సంగీతం టీచరును. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు వయొలిన్, కీబోర్డు నేర్పుతున్నాను. తరగతికి నలభై మంది. ఉన్నవి 8 వయొలిన్లు, 2 కీబోర్డులు, ఒక పాత శ్రుతిపెట్టె. వారానికి రెండు పీరియడ్లు.

ఈ విద్యాసంవత్సరం మా గదిలోనూ ఇంటరాక్టివ్ ప్యానెల్ బిగించారు. లెక్కలకు, సైన్సుకు అందులో పాఠాలు సిద్ధంగా ఉన్నాయి. సంగీతానికి ఏమీ లేవు. అంత పెద్ద తెరను కచేరీ వీడియోలు చూపించడానికి మాత్రమే వాడటానికి నాకు మనసొప్పడం లేదు.

నా ఇబ్బందులు చెబుతాను. ఎనిమిది మంది వాయిస్తుంటే ముప్పై రెండు మంది ఊరికే కూర్చుంటున్నారు. సాయంత్రం సాధకం వేళ నేను పక్కన ఉండను. వేలు గాంధారం (గ) మీద సరిగ్గా పడిందో లేదో పిల్లకు చెప్పేవారు ఉండరు. తప్పు చోటే పదే పదే వాయించి, ఆ తప్పును గట్టిపరచుకుని మరునాడు వస్తారు. పోనీ ఫోనులో ట్యూనర్ (శ్రుతి చూపించే యాప్) పెడదామంటే అది ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తుంది గానీ స రి గ మ చూపించదు.

మీ బడుల్లో ఎవరైనా వాద్యాలు నేర్పడానికి ఈ తెరలను వాడుతున్నారా? కొత్తగా కొనడానికి పెద్దగా డబ్బు లేదు. ఉన్నవాటితోనే ఏదైనా చెయ్యాలి.

విజయనగరం వాసి
సోమవారం, రాత్రి 10:02

అమ్మా, వయొలిన్ పాఠం చెబుతూనే వయసు గడిచిపోయినవాణ్ణి. మీ తపన చూస్తే సంతోషంగా ఉంది. అయినా ఒక మాట గట్టిగానే చెప్పాలి. వయొలిన్‌కు మెట్లు లేవు. స్వరం ముందు చెవిలో కుదరాలి. అప్పుడే వేలు దాని చోటును వెతుక్కుంటుంది. తెర మీద ఆకుపచ్చ దీపం వెలిగేదాకా వేలిని జరుపుతూ పోయే పిల్ల వినడం లేదు, చూస్తోంది.

మా ఊళ్లో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరి తర్వాత ప్రిన్సిపాలు అయ్యారు. నాయుడు గారికి చిన్ననాటి నుంచీ చూపు మందం. ఆయన వాయించిన ఏ రికార్డు అయినా పెట్టుకుని వినండి. ఒక్క స్వరం పక్కకు పోయిందా?

మీ ముప్పై రెండు మంది సంగతికి నా జవాబు: వాళ్లు పాడాలి. ఎనిమిది మంది వాయించే వరుసనే మిగతావాళ్లు తాళం వేస్తూ పాడాలి. నోటితో పలకని స్వరం వేలితో పలకదు. దీనికి కరెంటు అక్కర్లేదు.

ధ్వని తరంగం
సోమవారం, రాత్రి 10:40

నేను ఫిజిక్స్ చెబుతాను, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. మా బడిలోనూ అదే ప్యానెల్ ఉంది. సంగీతం టీచరు లేరు. ఊరి గుడిలో నాదస్వరం వాయించే పెద్దాయన ఒకరు అప్పుడప్పుడు వచ్చి పిల్లలకు చూపిస్తారు.

మాస్టారు చెప్పినది నిజమే. కానీ కంటికి పనే లేదంటే నేను ఒప్పుకోను. ధ్వని పాఠంలో నేను చేసేది ఇది. ప్యానెల్‌లో క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ తెరుస్తాను. 2016లో గూగుల్ పెట్టిన ఉచిత పేజీ, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లాగిన్ అడగదు. అందులో స్పెక్ట్రోగ్రామ్ అని ఒకటుంది. మైకు నొక్కితే గదిలో వినిపించే ధ్వని అంతా రంగుల గీతలుగా తెర మీద కదులుతుంది. ఒక పిల్లవాడు ఈల వేస్తే దాదాపు ఒకే గీత. అదే స్వరం నాదస్వరం మీద వాయిస్తే కింది నుంచి పైదాకా నిచ్చెన మెట్లలా గీతలు. అయిదు శ్రుతిలో (ఆధార స్వరం జి) మధ్య స్థాయి షడ్జమం (స) 196 హెర్ట్జ్ అనుకుంటే, దాని పైన 392, 588, 784... ఇలా వరుసగా కనిపిస్తాయి. "రెండూ ఒకే స్వరం కదా, మరి వేరువేరుగా ఎందుకు వినిపిస్తున్నాయి?" అని నేను అడగాల్సిన పని ఉండదు, పిల్లలే అడుగుతారు.

మీరు వయొలిన్‌తో ఇదే చెయ్యండి. కమాను నిండుగా, సమంగా లాగితే పై గీతలు స్థిరంగా నిలబడతాయి. చేయి వణికితే, బలం తగ్గితే గీతలు తెగిపోతాయి. నాదం నిలవడం అంటే ఏమిటో మాటల్లో చెప్పడం కష్టం. తెర మీద అయితే ఆరో తరగతి పిల్ల కూడా పట్టుకుంటుంది.

బీటెక్ వయొలిన్
సోమవారం, రాత్రి 11:25

నేను ఇంజినీరింగ్ విద్యార్థిని, చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను. యాప్‌లతో సాధకం చేసిన తరం మాది, కాబట్టి పిల్లల వైపు నుంచి చెబుతాను.

మొదటి పాఠాలైన సరళీ వరుసలు, జంట స్వరాలు, అలంకారాల వరకు ట్యూనర్ చాలా సాయం చేస్తుంది. అప్పుడు స్వరాలు గమకం (స్వరాన్ని ఊపడం) లేకుండా నిలిచి ఉంటాయి, కాబట్టి ముల్లు ఒకచోట ఆగుతుంది. గమకాలు ఉండే వర్ణాలకు వచ్చాక అదే ట్యూనర్ తలనొప్పి అయిపోతుంది. తోడి రాగంలో గాంధారం ఊగుతుంది, రిషభానికీ మధ్యమానికీ మధ్య తిరుగుతుంది. యాప్ దానిని తప్పు అంటుంది. గాంధారాన్ని కదలకుండా పట్టి వాయిస్తే నూటికి నూరు ఇస్తుంది, కానీ అక్కడ తోడి ఉండదు. పాశ్చాత్య వాద్యాలకు చేసిన గేమ్‌లాంటి యాప్‌లలో మార్కుల కోసం వాయించే అలవాటు పడిన పిల్లలు గమకం దగ్గర బెదిరిపోవడం నేను చూశాను.

అందుకే ఏ యాప్ పెట్టినా "ఇది అలంకారాల వరకే" అని పిల్లలకు మొదటే చెప్పండి, టీచర్ గారూ.

సౌండు బల్ల
మంగళవారం, ఉదయం 6:50

కచేరీలకు, స్టూడియోలకు సౌండు చేసేవాణ్ణి. మేడమ్, ఇంగ్లీషు అక్షరాల సమస్య చిన్నదే. ఒకటి శ్రుతి అంటే సి, రెండు అంటే డి, మూడు ఈ, నాలుగు ఎఫ్, అయిదు జి, ఆరు ఏ. అరలన్నీ షార్ప్‌లు: నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదున్నర జి షార్ప్. మీ పిల్లల శ్రుతికి ఒక్క పట్టిక రాసి గోడకు అంటించండి. మన వయొలిన్ తీగలు స, ప, స, ప గదా. అయిదు శ్రుతి అయితే జి, డి, జి, డి. పిల్లలకు ఒక పూటలో వచ్చేస్తుంది.

అసలు సమస్య వేరే ఉంది. ట్యూనర్ ఆకుపచ్చ దీపం పాశ్చాత్య కీబోర్డు లెక్క ప్రకారం వెలుగుతుంది. ఆ లెక్కలో స్థాయిని (స నుంచి పై స వరకు) 1200 సెంట్లుగా తీసుకుని 12 సమాన భాగాలు చేస్తారు, ఒక్కొక్కటి 100 సెంట్లు. మాయామాళవగౌళ రాగంలో అంతర గాంధారం ఆ లెక్కన 400 సెంట్లు. కానీ తంబూరతో కలిసి హాయిగా పలికే గాంధారం 5:4 నిష్పత్తిలో ఉంటుంది, అంటే 386. పద్నాలుగు సెంట్లు తక్కువ. కాకలి నిషాదం 1100 కాదు, 1088. శుద్ధ రిషభం అటువైపు, 100 కాదు, 112. శుద్ధ ధైవతం 800 బదులు 814. పంచమం మాత్రం 702, కాబట్టి దాదాపు సరిపోతుంది.

దీని అర్థం: చెవి బాగున్న పిల్ల గాంధారాన్ని తంబూరకు కలిపి వాయిస్తే ట్యూనర్ "తక్కువ" అని చూపిస్తుంది. పిల్ల వేలిని పైకి జరుపుతుంది. సరైనది చెడిపోతుంది. మాస్టారి భయానికి ఆధారం ఇక్కడే ఉంది. కాబట్టి ట్యూనర్‌ను షడ్జమానికి, పంచమానికి మాత్రమే వాడండి. గాంధారం, నిషాదం, రిషభం, ధైవతం తంబూర ముందు చెవితోనే కుదరాలి. కొన్ని ట్యూనర్ యాప్‌లలో స్వరస్థానాలను మనమే సెంట్లలో పెట్టుకోవచ్చు. అది దొరికితే పై అంకెలు ఎక్కించండి.

విజయనగరం వాసి
మంగళవారం, ఉదయం 7:30

సౌండు బల్ల గారూ, నేను చెవితో చెప్పిన మాటను మీరు అంకెతో చెప్పారు. ఈ పట్టిక నేను రాసుకుంటున్నాను.

గురుకుల స్వరం
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఈ పద్నాలుగు సెంట్ల సంగతి తెలిశాక నా తరగతిలో ఒక ముడి విడిపోయింది. కీబోర్డు పక్కన వయొలిన్ పిల్లలను కూర్చోబెట్టినప్పుడల్లా గాంధారం దగ్గర ఏదో గీరుకున్నట్టు ఉంటోంది. కీబోర్డు సమాన భాగాలది, తంబూర అలాంటిది కాదు. రెండింటినీ ఒకేసారి మోగిస్తున్నాం. ఇకపై వయొలిన్‌కు కీబోర్డు ఆధారం ఇవ్వను.

మరో సందేహం. ప్యానెల్‌లో తంబూర యాప్ పెడితే దూరం కూర్చున్న పిల్లలకు మంద్ర (కింది స్థాయి) షడ్జమం వినిపించడం లేదు. ఒక బ్లూటూత్ స్పీకరు ఉంది, దానికి కలపవచ్చా?

సౌండు బల్ల
మంగళవారం, మధ్యాహ్నం 2:05

తంబూరకు కలపండి, ఫరవాలేదు. ఎప్పుడూ మోగుతూ ఉండే నాదానికి ఆలస్యం లెక్కలోకి రాదు. కానీ తాళం యాప్, మెట్రోనోమ్, వీడియోతో కలిసి వాయించడం బ్లూటూత్‌లో వద్దు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 60 అక్షరాల (తాళం దెబ్బల) వేగంలో మూడో కాలం సరళి (దెబ్బకు నాలుగు స్వరాలు) వాయిస్తే ఒక్కో స్వరానికి ఉన్నది 250 మిల్లీసెకన్లు. ఆలస్యమే దాదాపు ఒక స్వరాన్ని మింగేస్తుంది. తెర మీద చేయి పడిన క్షణానికి, చెవికి దెబ్బ వినిపించిన క్షణానికి పొంతన కుదరక పిల్లలు తడబడతారు. వైరు వాడండి. ప్యానెల్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి స్పీకరుకు.

మంద్రం వినిపించకపోవడానికి కారణం ప్యానెల్‌లోని చిన్న స్పీకర్లు. అడుగు స్వరాలు వాటి నుంచి సరిగ్గా రావు. మీ పాత శ్రుతిపెట్టె బాగుంటే దానినే వాడండి, అది ఆ పని కోసమే తయారైనది. బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబూర తయారుచేశాక ఇంటింటికీ తంబూర నాదం వచ్చింది. సంగీత విద్యలో మనం వాడిన మొదటి ఎలక్ట్రానిక్ సాధనం అదే అనుకోవచ్చు. దాని మీద ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు.

డల్లాస్ అమ్మ
మంగళవారం, రాత్రి 8:20

మా అమ్మాయి హైదరాబాదులో ఉన్న గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో వీణ నేర్చుకుంటోంది. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలది ఇదే దారి. బడి సంగతి కాకపోయినా మీకు పనికొచ్చే రెండు విషయాలు చెబుతాను.

మొదట్లో గురువుగారు తంబూర పెట్టుకుని వాయిస్తుంటే మాకు తంబూర వినిపించేది కాదు. వీణ కూడా మధ్యమధ్యలో మాయమయ్యేది. వీడియో కాల్ యాప్‌లు మనిషి మాటను ఉంచి, ఆగకుండా మోగే ధ్వనిని ఫ్యాను చప్పుడు అనుకుని తీసేస్తాయి. సెట్టింగులలో నాయిస్ సప్రెషన్ ఆపి, జూమ్‌లో అయితే ఒరిజినల్ సౌండ్ పెట్టాలి. అది పెట్టిన రోజు మా అమ్మాయి మొహం చూడాలి. వీణ తీగ మీద గురువుగారి వేలు జారే సవ్వడి కూడా ఇక్కడికి వచ్చింది.

రెండోది, కలిసి వాయించడం ఎన్నటికీ కుదరలేదు. గురువుగారు ఒక వరుస వాయిస్తారు, తర్వాత మా అమ్మాయి వాయిస్తుంది. అంతే.

సౌండు బల్ల
మంగళవారం, రాత్రి 8:55

కుదరదమ్మా, అది ఇంటర్నెట్ ప్లాను తప్పు కాదు. హైదరాబాదు నుంచి డల్లాస్ 14,000 కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నేరుగా దారి ఉన్నా పోవడానికి 70, రావడానికి 70 మిల్లీసెకన్లు. అసలు దారి నేరుగా ఉండదు, మధ్యలో యంత్రాల ఆలస్యం వేరే. ఇద్దరు కలిసి వాయించాలంటే 25, 30 మిల్లీసెకన్లు దాటితే లయ లాగడం మొదలవుతుంది. గదిలో మనం పది మీటర్ల దూరంలో కూర్చుంటే గాలిలో ధ్వనికి పట్టే సమయం అంత. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాక్‌ట్రిప్ అనే సాఫ్ట్‌వేర్ చేశారు. ఒకే ఊళ్లో, దగ్గరి ఊళ్లలో ఉన్నవాళ్లు వైరు నెట్‌తో కలిసి వాయించడానికి పనికొస్తుంది. సముద్రాలు దాటితే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

లయ
బుధవారం, ఉదయం 6:15

నేను మృదంగం చెబుతాను. ఇక్కడ అందరూ స్వరం గురించే మాట్లాడుతున్నారు, తాళం గురించి ఎవరూ ఎత్తలేదు.

మేడమ్, తెర మీద లయ నేర్పడానికి ఒక దారి చెబుతాను. అదే క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో సాంగ్ మేకర్ ఉంది. గడుల కాగితంలా ఉంటుంది. గడిని ముట్టుకుంటే స్వరం పడుతుంది, కింద రెండు వరుసల్లో దెబ్బలు. ఒక ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) ఎన్ని బీట్లు, ఒక్కో బీటును ఎన్ని ముక్కలు చేయాలి అన్నది మనమే పెట్టుకోవచ్చు. ముందు నాలుగు ముక్కలు పెట్టి "తకధిమి" అనిపించండి. తర్వాత మూడు ముక్కలకు మార్చి "తకిట". చతురశ్రం నుంచి తిశ్రానికి మారితే లోపల ఏం జరుగుతుందో పిల్లలు వేలితో గడులు నింపుతూ చూస్తారు. ఒకరు తెర దగ్గర గడులు పెడుతుంటే మిగతా ముప్పై తొమ్మిది మంది చేతులతో తాళం వేయాలి. తెర మోగించేది ఆపేసి, తాళం ఆగకుండా నడిపించాలి. మళ్లీ మోగించినప్పుడు కలిసిందా లేదా తెలిసిపోతుంది. నా విద్యార్థులకు నేను పెట్టే పరీక్ష అదే, మెట్రోనోమ్‌ను మధ్యలో ఆపేస్తాను. మెట్రోనోమ్ మోగుతున్నంతసేపూ ఎవరి తాళమైనా సరిగ్గానే ఉంటుంది. అది లేనప్పుడు నిలిచేదే లయ.

ఫిజిక్స్ మాస్టారికి ఒక మాట: మృదంగాన్ని మీ స్పెక్ట్రోగ్రామ్ ముందు పెట్టారా?

ధ్వని తరంగం
బుధవారం, ఉదయం 8:40

పెట్టానండీ! ఆ పాఠం గురించి రాయాలని చూస్తున్నాను.

మామూలు డప్పు మీద కొట్టినప్పుడు తెర మీద కనిపించే గీతల మధ్య దూరాలకు వరుస ఉండదు. అంతటా ఒకే మందం ఉన్న చర్మంలో రెండో స్వరభాగం, అంటే తెర మీద రెండో గీత, మొదటిదానికి 1.59 రెట్లు, మూడోది 2.14 రెట్లు, ఇలా ఉంటుంది. అందుకే డప్పులో దెబ్బ ఉంటుంది గానీ నిలకడైన శ్రుతి ఉండదు. మృదంగం కుడి మూత మీద కరణి ఉంది కదా, ఆ నల్లటి పూత వల్ల స్వరభాగాలు 1, 2, 3, 4, 5 అనే వరుసకు దగ్గరగా వస్తాయి. తీగ వాద్యంలో ఉన్నట్టే. దీనిని మొదట లెక్కతో, ప్రయోగంతో చూపించింది సి.వి. రామన్. 1920లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం, 1934లో మరింత వివరంగా ఇంకొకటి. రామన్ బడి చదువు మన విశాఖపట్నంలోనే సాగిందని చెబితే మా పిల్లలు ఎంత ఉత్సాహపడ్డారో!

రామన్‌కు ఆ రోజుల్లో కొలవడానికి ఎంతో శ్రమ పట్టిన విషయం ఇప్పుడు మన గోడ మీద ఒక్క మైకుతో కనిపిస్తోంది. డప్పు ఒకసారి, మృదంగం ఒకసారి కొట్టి చూపించండి. డప్పు తక్కువది, మృదంగం ఎక్కువది అనే మాట మాత్రం రానీయకండి. దాని పని దానిది. డప్పు వినిపించినంత దూరం మృదంగం వినిపించదు.

లయ
బుధవారం, ఉదయం 9:05

ఆ చివరి వాక్యం రాసినందుకు మీకు దండం.

బొబ్బిలి దారి
బుధవారం, సాయంత్రం 5:30

మాది బొబ్బిలి దగ్గర. మా చుట్టాల్లో వీణలు చేసేవాళ్లున్నారు, గొల్లపల్లిలో. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. మైనంలో 24 మెట్లు పెట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. ఒక్కో మెట్టును చెవితో వింటూ, రవ్వంత జరుపుతూ కూర్చోబెడతారు.

గురుకుల స్వరం గారూ, మీ ప్యానెల్ మీద ఒక పొడవాటి గీత గీయించండి, అది తీగ. సగంలో పై షడ్జమం. మేరువు (మెడ చివర తీగ ఆనే చోటు) నుంచి మూడో వంతు దూరంలో పంచమం, అంటే మోగే తీగ మూడింట రెండు వంతులు. నాలుగో వంతు దగ్గర శుద్ధ మధ్యమం. అయిదో వంతు దగ్గర అంతర గాంధారం. పైన సౌండు బల్ల గారు చెప్పిన 386 సెంట్లు ఇదే. పిల్లలు తెర మీద స్కేలుతో కొలిచి గుర్తులు పెడతారు. తర్వాత నిజమైన వయొలిన్ మీద దారంతో కొలిచి అదే చోట వేలు పెట్టి వాయిస్తారు. అయిదో తరగతి భిన్నాలు చాలు. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోనే స్ట్రింగ్స్ అనే బొమ్మ ఉంది, తీగను సగం చేస్తే, మూడో వంతు చేస్తే స్వరం ఎలా మారుతుందో అందులో వినవచ్చు. గీత గీసి కొలిచాకే అది చూపించండి. ముందే చూపిస్తే కొలిచే ఆసక్తి పోతుంది.

విజయనగరం వాసి
బుధవారం, రాత్రి 9:15

వయొలిన్ మీద తీగ పొడవుకు తగ్గట్టు స్టిక్కర్లు అంటించే అలవాటు ఈ మధ్య చాలా చోట్ల చూస్తున్నాను. కొలవడం వరకు సరే. ఆ గుర్తులను అక్కడే వదిలేయకండి. గుర్తు ఉన్నంతకాలం పిల్ల మెడ వంచి దానినే చూస్తుంది. మెడ వంగితే గడ్డం పట్టు పోతుంది, కమాను వంకర పోతుంది.

కమాను గురించి నాకే ఒక సందేహం. పిల్ల కమాను లాగుతున్నప్పుడు అది తీగలను మోసే బ్రిడ్జికి సమాంతరంగా ఉందో లేదో ఆ పిల్లకు కనిపించదు. నేను నిలువుటద్దం ముందు నిలబెట్టి నేర్పేవాణ్ణి. ఈ తెర అద్దంలా పనికొస్తుందా?

బీటెక్ వయొలిన్
బుధవారం, రాత్రి 9:50

అద్దంకన్నా బాగా పనికొస్తుంది, తాతగారూ. అద్దంలో మన ఎదుటి వైపు మాత్రమే కనిపిస్తుంది. ఫోనును స్టాండు మీద పెట్టి, కుడి భుజం పై నుంచి తీగల మీదకు చూసేలా అమర్చి, ఆ దృశ్యాన్ని ప్యానెల్ మీదకు పంపితే బ్రిడ్జి, కమాను, రెండూ పెద్దగా కనిపిస్తాయి. ప్యానెల్ పెన్నుతో తెర మీద బ్రిడ్జికి సమాంతరంగా ఒక గీత గీసి ఉంచాలి. పిల్ల కమాను ఆ గీతను దాటి వంకర తిరిగిన చోటు తరగతి అంతటికీ తెలుస్తుంది. చాలావరకు కొస దగ్గర వంకర పోతుంది, మోచేయి వెనక్కి వెళ్లిపోవడం వల్ల. ప్రత్యక్ష దృశ్యంలో కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి నెమ్మదిగా లాగించండి, లేదా రికార్డు చేసి తర్వాత చూపించండి.

విజయనగరం వాసి
బుధవారం, రాత్రి 10:05

ఇది నాకు బాగా నచ్చింది, నాయనా. పిల్ల తన చేతిని తానే చూసుకోవడం వేరు, యంత్రం ఇచ్చే మార్కు చూడటం వేరు. మా మనవడి చేత ఇవాళే పెట్టిస్తాను.

నిర్వాహకులు
గురువారం, ఉదయం 7:00

చర్చ చక్కగా సాగుతోంది. రికార్డింగుల మాట వచ్చింది కాబట్టి ఒక మనవి. పిల్లల వీడియోలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెట్టకండి. ఈ చర్చలోనూ పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు, వీడియోలు జతచేయవద్దు. తరగతిలో చూసుకుని చెరిపేయడం మేలు.

హిందీ పండితులు
గురువారం, ఉదయం 10:20

మా బడిలో ప్యానెల్ పీరియడ్లన్నీ పరీక్ష ఉన్న సబ్జెక్టులకే ఇస్తున్నారు. సంగీతానికి అడిగితే ఇస్తారా?

ధ్వని తరంగం
గురువారం, ఉదయం 11:00

అడగండి. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్య విషయాలకూ కళలకూ మధ్య గట్టి గోడ ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. నేను అయితే సంగీతాన్ని నా ఫిజిక్స్ పీరియడ్‌లోకే తెచ్చాను. మీ బడిలో ఫిజిక్స్ టీచరుతో మాట్లాడి ధ్వని పాఠం సంగీతం టీచరుతో కలిసి చెప్పించండి. ప్రధానోపాధ్యాయులు కాదనరు.

డల్లాస్ అమ్మ
గురువారం, రాత్రి 8:10

సాయంత్రం సాధకంలో తప్పు దిద్దేవారు లేరన్నారు కదా, దానికి ఎవరూ పూర్తి జవాబు చెప్పలేదు. మా గురువుగారి పద్ధతి చెబుతాను. పాఠం అయ్యాక ఆ వారం వరుసను ఆమె నెమ్మదిగా వాయించి రికార్డు పంపుతారు. ఒక్కో పాదం తర్వాత అంతే సేపు ఖాళీ ఉంచుతారు, తాళం మాత్రం నడుస్తుంది. ఆ ఖాళీలో పిల్ల వాయించాలి. వెంటనే గురువుగారి తర్వాతి పాదం. ఏ యాప్ లేకుండానే ఇంట్లో గురువుతో కూర్చున్నట్టు సాగుతుంది. మా అమ్మాయి ఆ ఖాళీలో వాయించినది నేను ఫోనులో రికార్డు చేసి తనకే వినిపిస్తాను. ఎక్కడ తేడా ఉందో తనే చెబుతుంది. నాకు సంగీతం రాదు, అయినా ఈ పని నేను చేయగలుగుతున్నాను.

సౌండు బల్ల
గురువారం, రాత్రి 8:45

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా విలువైన సలహా ఇదే. గురుకుల స్వరం గారూ, దీనికి ఆడాసిటీ చాలు. 2000 సంవత్సరం నుంచి ఉచితంగా ఉన్న సాఫ్ట్‌వేర్, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. మీరు ఒక్కసారి వాయించి రికార్డు చేయండి, మధ్యలో ఖాళీలు చేర్చండి. శ్రుతి మారకుండా వేగం తగ్గించే సదుపాయం ఉంది. మరీ తగ్గిస్తే నాదం పాడవుతుంది, కాబట్టి మొదటి కాలం, రెండో కాలం విడివిడిగా వాయించి పెట్టడమే మంచిది. పెన్‌డ్రైవ్‌లో వేసి హాస్టల్‌లో ఒక స్పీకరుకు పెట్టండి.

ఇంకా వివరంగా చూపించాలంటే లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ల సోనిక్ విజువలైజర్ ఉంది, అదీ ఉచితమే. రికార్డులోని స్వరం నడకను గీతగా చూపిస్తుంది. బీటెక్ వయొలిన్ గారు చెప్పిన తోడి గాంధారం ఊపు ఇందులో అల లాగానే కనిపిస్తుంది, తప్పు అని ముద్ర వేయదు. వర్ణాల స్థాయి పిల్లలకు అదే సరైన సాధనం.

బీటెక్ వయొలిన్
గురువారం, రాత్రి 9:20

మన సంగీతానికి తగిన సాధనాలు చేయాలని బార్సిలోనాలో పోంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2011 నుంచి 2017 వరకు కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన చేసింది. జేవియర్ సెర్రా నాయకత్వం, ఐఐటీ మద్రాసు భాగస్వామి. కర్ణాటక, హిందూస్తానీ సంగీతాలకు రాగం, తాళం గుర్తించే పద్ధతుల మీద పనిచేశారు. గాత్ర సాధకానికి వాడే రియాజ్ యాప్ ఆ బృందం నుంచి వచ్చినవాళ్లదే. పాడుతుంటే మన స్వరం గీత తెర మీద నడుస్తుంది. మీ ముప్పై రెండు మంది పాడే పిల్లలకు ఒక్కొక్కరిగా చూపించవచ్చు. అందరూ కలిసి పాడితే ఇలాంటి యాప్‌లు తికమక పడతాయి, ఒకసారికి ఒక గొంతునే పట్టగలవు.

గురుకుల స్వరం
శుక్రవారం, సాయంత్రం 6:40

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం రెండో పీరియడ్‌లో కొన్ని మొదలుపెట్టాను.

తంబూర శ్రుతిపెట్టె నుంచే. ఎనిమిది మంది వాయిస్తే, పదహారు మంది తాళం వేస్తూ పాడారు, మిగతా పదహారు మంది కళ్లు మూసుకుని విన్నారు. ఏ స్వరం దగ్గర వాద్యం, గాత్రం కలవలేదో విన్నవాళ్లు చెప్పాలి. ఏడో తరగతి పిల్ల ఒకతె "టీచర్, రెండో వరుసలో ఎవరిదో గాంధారం పైకి పోతోంది" అంది. వెళ్లి చూస్తే నిజమే. ఇంతకాలం వాయించడానికి వయొలిన్ దొరక్క వెనక కూర్చున్న పిల్ల ఆమె.

కమాను కెమెరా పెట్టాం. ఎవరి చేయి తెర మీదకు వచ్చినా పక్కవాళ్లు నవ్వుతారేమో అని జంకాను, అందుకే మొదట నా చేతినే చూపించాను. ఖాళీల రికార్డింగు శనివారం చేస్తాను. తీగ కొలత పాఠం లెక్కల టీచరుతో కలిసి వచ్చే వారం. ట్యూనర్ షడ్జమ పంచమాలకే అని గోడ మీద రాసిపెట్టాను.

ఒక్కటి మిగిలింది. ఎనిమిది వయొలిన్లు ఒకే గదిలో శ్రుతి చేసుకుంటుంటే ఫోను ట్యూనర్ పక్కవాళ్ల తీగను పట్టుకుంటోంది. పీరియడ్‌లో నాలుగో వంతు శ్రుతి చేయడానికే పోతోంది. ఏం చేయాలి?

సౌండు బల్ల
శుక్రవారం, రాత్రి 7:15

క్లిప్ ట్యూనర్ అని దొరుకుతుంది, కొన్ని వందల రూపాయల్లో. వయొలిన్ తల దగ్గర తగిలిస్తే గాలిలో ధ్వనిని కాకుండా చెక్కలో కంపనాన్ని పట్టుకుంటుంది. పక్కన ఎంత గోల ఉన్నా తేడా పడదు. రెండు కొనండి, చాలు. కొనేటప్పుడు మైకు నుంచి క్లిప్‌కు మార్చుకునే మీట ఉన్నదైతే క్లిప్ వైపు పెట్టడం మరచిపోవద్దు. బిరడాలు (తీగలు బిగించే పిడులు) జారుతున్నాయేమో కూడా చూడండి. జారుతుంటే సుద్దముక్క కొంచెం రుద్దితే ఆగుతాయి.

విజయనగరం వాసి
శుక్రవారం, రాత్రి 7:40

షడ్జమం తీగ ఒక్కటి క్లిప్‌తో కలపండమ్మా. పంచమాన్ని షడ్జమంతో కలిపి కమాను లాగించి, చెవితోనే కలిపించండి. రెండు తీగలు కలిసినప్పుడు అలజడి ఆగిపోతుంది, ఆ క్షణం పిల్లలే గుర్తుపడతారు. ఆ వెనక కూర్చున్న పిల్లకు వచ్చే వారం వయొలిన్ ఇవ్వండి.

గురుకుల స్వరం
శుక్రవారం, రాత్రి 7:52

తప్పకుండా, మాస్టారూ. సోమవారం మొదటి వరుసలో కూర్చోబెడతాను.